నువ్వెందుకు తెరిచినావు?

"నీ ఫోన్లో యాంటీవైరస్ ఉండాదా?"

శిల్పతో గుణశేఖర్ మాట్లాడిన మొదటి మాట అది.

ప్రొద్దుటూరులో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న రోజులు. కంప్యూటర్ ల్యాబ్ రికార్డు ఫోటోలు శిల్ప ఫోన్లో ఉన్నాయి. క్లాసులో సగం మంది ఆమె చుట్టూ చేరి బ్లూటూత్‌లో ఎక్కించుకుంటున్నారు. గుణ వంతు వచ్చింది. తన ఫోనును రెండు చేతులా గుండెకు దగ్గరగా పట్టుకుని ఆ మాట అడిగాడు.

శిల్ప తలెత్తి చూసింది. "ఏందీ?"

"యాంటీవైరస్. అది లేకుంటే నీ ఫోన్లో ఉండేది నా ఫోన్లోకి వస్తాది."

"నా ఫోనుకు గజ్జి ఉండాదనుకుంటాండావా?"

క్లాసంతా గొల్లుమంది.

"వద్దులేప్పా," అంది శిల్ప ఫోన్ వెనక్కు తీసుకుంటూ. "నువ్వు చేత్తో రాసుకో. పెన్నుకు వైరస్ రాదు."

గుణ నిజంగానే ఆమె రికార్డు పుస్తకం అడిగి తీసుకుని, సాయంత్రం దాకా ల్యాబ్‌లోనే కూర్చుని మొత్తం చేత్తో రాసుకున్నాడు. బస్సుకు టైమై పుస్తకం కోసం వచ్చిన శిల్ప గుమ్మంలోనే ఆగిపోయింది.

"అంతా రాసినావా?"

"ఊ. బొమ్మలు గూడా వేసినా."

ఆమె నవ్వింది. పొద్దున క్లాసు నవ్వినట్టు కాదు, వేరేగా. ఆ రోజు నుంచి ఆమెను బస్టాండు దాకా దిగబెట్టడం గుణకు పనైపోయింది. ఆమెది జమ్మలమడుగు. అతనిది పులివెందుల, ప్రొద్దుటూరులో స్నేహితుడు షాహుల్‌తో కలిసి రూములో ఉండేవాడు.

బస్టాండుకు పోయే దారిలో కారందోసె బండి దగ్గర ఆగేవాళ్ళు. దోసె కంటే ఎక్కువ మంట వాళ్ళ వాదనలో ఉండేది. వాదన ఎప్పుడూ ఒకటే.

"నా ఫోన్లో మూడుండాయి," అనేవాడు గుణ గర్వంగా. "ఒకటి వైరస్‌ను పట్టుకుంటాది. ఒకటి చెత్త ఊడుస్తాది. ఒకటి తాళమేస్తాది."

"ఇంగ ఫోన్ మాట్లాడేదానికి చోటు యాడుండాదప్పా దాంట్లో?"

"నువ్వు నవ్వుతావు గానీ, ఒకరోజు తెలుస్తాది."

"ఊరూపేరూ లేనివి యాడంటే ఆడ నొక్కకుండా ఉంటే చాలు గుణా. దేవుడు మనిషికి బుర్ర ఇచ్చినాడు గదా."

"బుర్ర అన్నిసార్లూ పని చెయ్యదు శిల్పా."

"నీదా, నాదా?"

ఆ మాటకు గుణ చట్నీ అడిగేవాడు.

మూడో సంవత్సరంలో అందరూ కలిసి గండికోటకు పోయారు. లోయ అంచున, కింద పెన్నా నది సన్నగా మెరుస్తుండగా, ఉన్నట్టుండి వాన మొదలైంది. మొదటి చినుకులు. ఎర్రటి బండ మీద శిల్ప చున్నీ తల మీదికి లాక్కుని గుణ వైపు తిరిగింది.

"తియ్యి గుణా, తొందరగా తియ్యి!"

గుణ కెమెరా నొక్కాడు. ఫోను తెల్లబోయింది. స్కాన్ చేస్తున్నాను, కాసేపు ఆగమని ఇంగ్లీషులో మర్యాదగా చెప్పింది. గుణ ఆగాడు. వాన ఆగలేదు. అందరూ మండపం వైపు పరిగెత్తారు. శిల్ప కూడా తడిసిన చున్నీ పిండుకుంటూ వచ్చి అతని పక్కన నిలబడింది.

"పడిందా?"

"స్కాన్ అవుతాండాది..."

"నీ ఫోన్లోకి వైరస్సూ రాదు, నేనూ రాను," అంది ఆమె.

షాహుల్ కిందపడి నవ్వాడు. రూముకు తిరిగొచ్చాక గుణ మూడు యాప్‌లలో రెండింటిని తీసేశాడు. తీసి ఏం లాభం, ఆ వాన మళ్ళీ కురవదు కదా. ఆ చున్నీ, ఆ బండ, ఆ "తొందరగా తియ్యి" అన్న గొంతు, అవి మాత్రం ఏ ఫోన్లోనూ లేకుండానే అతని దగ్గర ఉండిపోయాయి.

చివరి పరీక్ష అయిపోయిన రోజు జమ్మలమడుగు బస్సు కిటికీ పక్కన కూర్చుని శిల్ప బయటికి చూసింది. కింద గుణ నిలబడి ఉన్నాడు.

"ఏమన్నా చెప్పాల్నా గుణా?"

చెప్పాలి. ఎన్నో రోజుల నుంచి ఆ మాటలు లోపల పేర్చుకుంటున్నాడు. డ్రైవరు ఇంజన్ స్టార్ట్ చేశాడు. పేర్చుకున్నవన్నీ కూలిపోయాయి.

"ఫోన్లో అప్‌డేట్లు వస్తే... వాయిదా వెయ్యొద్దు. ఎప్పటికప్పుడు చేసుకో."

శిల్ప అతన్ని కాసేపు చూసింది. "సరేప్పా," అని ముఖం అటు తిప్పుకుంది. బస్సు వెళ్ళిపోయింది.

తర్వాత నాన్న నారాయణకు మోకాళ్ళు పట్టేయడంతో గుణ పులివెందుల వచ్చి చీనీతోట, అంటే బత్తాయితోట, చూసుకోసాగాడు. శిల్ప జమ్మలమడుగులో టీచరైందని షాహుల్ చెప్పాడు. మొదట్లో ఇద్దరి మధ్యా కబుర్లు నడిచేవి. తర్వాత పండగ శుభాకాంక్షలు, ఆ తర్వాత మాటలు లేకుండా ఉత్త దీపం బొమ్మలు. ఒక ఏడు అవీ ఆగిపోయాయి. ఎవరూ కోపం తెచ్చుకోలేదు. ఎవరికి వాళ్ళు, అవతలివాళ్ళే రాస్తారులే అనుకున్నారు.

ఇన్నేళ్ళ తర్వాత, ఒక శ్రావణమాసపు ఆదివారం పొద్దున, తోటలో డ్రిప్పు పైపు అతికిస్తుంటే గుణ ఫోను మోగింది. తెర మీద శిల్ప పేరు.

చేతికున్న మట్టి పంచెకు తుడుచుకుని చూశాడు.

"మా పెళ్ళికి తప్పక రాగలరు. పత్రిక చూడండి."

కింద ఒక ఫైలు.

గుణ చీనీచెట్టు మొదట్లో కూర్చుండిపోయాడు. మోటరు నీళ్ళు పోస్తూనే ఉంది. పెళ్ళి. అయితే ఏమి, కాకుండా ఉంటుందా? ఇన్నేళ్ళు ఎవరు ఆగుతారు, ఎందుకు ఆగుతారు?

ఆ ఫైలు పేరు చివర ఉన్న మూడక్షరాలు పత్రికకు ఉండేవి కావు. అది ఫోటో కాదు, ఏదో యాప్. ఆ సంగతి ఊళ్ళో అందరికంటే గుణకే బాగా తెలుసు. ఇలాంటివి నొక్కొద్దని ఖాజీపేటలో ఉన్న మేనమామకు మొన్ననే గంటసేపు చెప్పాడు. పైగా అతని ఫోన్లో మిగిలిన ఆ ఒక్క సెక్యూరిటీ యాప్ తెరంతా ఎర్రగా చేసి, ప్రమాదమని అరిచింది. ఫోను కూడా తన వంతుగా అడిగింది: నిజంగా తెరవాలా? అనుమతి ఇస్తావా? మళ్ళీ ఆలోచించుకుంటావా?

గుణ ఆలోచించలేదు. పెళ్ళికొడుకు పేరు చూడాలి. అంతే. అన్నిటికీ సరే నొక్కాడు.

ఏమీ తెరుచుకోలేదు. పత్రికా లేదు, పేరూ లేదు.

కాసేపటికి లేచాడు. ఒక్కసారి ఎదురుగా నిలబడి, బాగుండు శిల్పా అని చెప్పి రావాలనిపించింది. మంచి కాయలు ఏరి సంచి నింపుకున్నాడు. అమ్మ వెంకటసుబ్బమ్మతో జమ్మలమడుగులో పని ఉందని చెప్పి బస్సెక్కాడు.

ముద్దనూరు దగ్గర పడుతుండగా ఫోను మోగింది. ఖాజీపేట మామ.

"ఏమిరా అల్లుడా! పెండ్లి పెట్టుకొని మాకు పత్రిక ఫోన్లో పంపిస్తావా? ఆడపిల్లోళ్ళు ఎవురో సూద్దామంటే అది తెరుచుకోకుండా ఏందేందో అడుగుతాండాది."

"నాకు పెండ్లేంది మామా?"

"నన్నడుగుతావేంది? నీ నంబరు నుంచే వచ్చిండాది."

గుణ సీట్లోంచి లేచాడు. "నొక్కొద్దు మామా! అది వైరస్! నొక్కొద్దు!"

ఆ ఫోను పెట్టేలోపే అమ్మ చేసింది. "ఒరేయ్ గుణా, వీధి వీధంతా మనింటి ముందర నిలబడిండాది. ఎవుర్రా ఆ పిల్ల?"

"పిల్లా లేదు, పెండ్లీ లేదుమా. ఆ పత్రిక వైరస్ పంపించింది. ఎవురూ తెరవద్దని చెప్పు."

"తోటలో ఎండ తగిలిందా నీకు?"

ఫోను పెట్టేశాక గుణ కిటికీ కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు. తెరిచినవాళ్ళ ఫోన్లోంచి అందరికీ అదే పత్రిక పోతుందన్నమాట. తన ఫోన్లోంచి పోయింది. అయితే, శిల్ప ఫోన్లోంచి తనకు...

అతను గట్టిగా నవ్వాడు. పక్క సీటు పెద్దాయన తన సంచి దగ్గరికి లాక్కుని కొంచెం జరిగి కూర్చున్నాడు.

"శిల్పకు పెండ్లి కాలేదు తాతా!" అన్నాడు గుణ.

"పాపం," అన్నాడు పెద్దాయన.

ఆయన ఫోనే అడిగి తీసుకుని గుణ బ్యాంకుకు చెప్పి లావాదేవీలు ఆపించాడు. షాహుల్‌కు చెప్పి గ్రూపులన్నిట్లో హెచ్చరిక పెట్టించాడు. తన ఫోను ఆపేసి జేబులో పెట్టుకున్నాడు. వెనక్కు పోవచ్చు. పోలేదు.

జమ్మలమడుగులో శిల్ప నాన్న యోగానందకు విత్తనాలు, పురుగుమందుల అంగడి ఉంది. ఇల్లు దాని వెనకే. సగం దించిన షట్టరు ముందు, అరుగు మీద కూర్చుని శిల్ప ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది.

"లేదత్తా, పెండ్లి లేదు. కాదత్తా, చెడిపోలేదు, అసలు కుదరనే లేదు. అది తెరవద్దు."

ఆమె తలెత్తింది. ఫోను చెవి దగ్గర్నుంచి దించింది. కొంచెం సన్నబడింది, కళ్ళజోడు వచ్చింది. చూపు మాత్రం పుస్తకం కోసం వచ్చి గుమ్మంలో ఆగిన రోజుదే.

పక్కనే కూర్చున్న ముసలామె, శిల్ప నాయనమ్మ శేషమ్మ, అతన్ని చూడగానే మొదలుపెట్టింది. "నువ్వు గూడా పెండ్లికొచ్చినావా నాయనా? తప్పు నాది. ఎవురో పత్రిక పంపినారని పాప ఫోన్ తీసుకొని నొక్కినా. అది సరేనా, సరేనా అని అడుగుతాండాది. అంత మర్యాదగా అడిగితే కాదంటామా? సరే, సరే అంటా పోయినా."

"జేజీ, లోపలికి పోయి మంచినీళ్ళు తీసుకురా," అంది శిల్ప.

ముసలామె ఇద్దరినీ మార్చి మార్చి చూసి లేచింది.

గుణ సంచి కింద పెట్టాడు. "చీనీకాయలు," అన్నాడు.

శిల్ప సంచి వైపు చూడలేదు. "పొద్దుట్నుంచి నా ఫోన్లో నంబర్లు చూసుకుంటా, నాయన ఫోన్లో అందరికీ చెప్తాండా గుణా. నీ పేరు కాడికొచ్చి ఆగినా. నీకు చెప్పే పని లేదులే అనుకున్యా. ఆ పత్రిక తెరవని మనిషి లోకంలో ఒకడుంటే అది నువ్వే అనుకున్యా."

గుణ తల వంచుకున్నాడు.

"అంతలోనే నీ పెండ్లిపత్రిక వచ్చింది." ఆమె అరుగు దిగి అతని ఎదురుగా నిలబడింది. "నువ్వెందుకు తెరిచినావు?"

"చెయ్యి తగిలి..."

"అది అన్నిసార్లు అడుగుతాది గదా. అన్నిసార్లూ చెయ్యి తగిలిందా?"

వీధిలో ఆటో ఒకటి పోయింది. గుణ దాన్నే చూస్తూ చెప్పాడు.

"పెండ్లికొడుకు పేరు చూద్దామని."

"చూసి?"

"మంచోడైతే చీనీకాయలిచ్చి పోదామని."

"మంచోడు కాకుంటే?"

"అప్పుడు గూడా ఇచ్చేసే పోతా. నాకంత ధైర్యం యాడుండాది శిల్పా? ఉంటే ఆ పొద్దు బస్టాండులోనే చెప్పేవాణ్ణి."

"చెప్పినావు గదా. అప్‌డేట్ల గురించి." ఆమె నవ్వబోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఒక్కటి గూడా వాయిదా వెయ్యలేదు నేను. వచ్చినప్పుడల్లా చేసుకుంటాండా. చేసుకున్నప్పుడల్లా నిన్ను తిట్టుకుంటాండా."

"నువ్వంటే నాకు శానా ఇష్టం శిల్పా," అన్నాడు గుణ. ఇన్నేళ్ళు పేర్చుకున్న మాటల్లో అదొక్కటే బయటికి వచ్చింది. "అప్పుడూ, ఇప్పుడూ."

ఆమె కళ్ళజోడు తీసి చున్నీతో తుడుచుకుంది. "తెరిచినావంటేనే తెలిసిపోయిందిలే," అంది.

షట్టరు కిందుగా వంగి యోగానంద బయటికొచ్చాడు. "ఎవురప్పా?"

"నాతోటి చదివినాడు నాయనా. పులివెందుల."

"ఫోన్ల గురించి తెలిసినోడు ఒకడుండాడని చెప్తాంటివే, ఆయబ్బేనా?" యోగానంద గుణ వైపు తిరిగాడు. "ఇట్లాంటివి రాకుండా ఏమన్నా యాప్ వేసుకోవాల్నా, వద్దా?"

"వేసుకోవాల," అంది శిల్ప.

"అక్కర్లే," అన్నాడు గుణ.

ఇద్దరూ ఒకేసారి అని, ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వేశారు. యోగానందకు ఏమీ అర్థం కాలేదు.

"ఫోన్లో ముందునుంచీ ఒక కాపలా ఉంటాది మామా," అన్నాడు గుణ సర్దుకుని. "దాన్ని ఆపకుండా, అప్‌డేట్ చేసుకుంటాంటే శానామందికి అది చాలు. ఇంకోటి కావాలంటే మంచి పేరున్నది ఒకటి పెట్టుకోవచ్చు. యాదైనా సరే, వద్దని చెప్తే మనం వినాల. నాకు నాది చెప్పింది. నేనే విన్లే."

అందులో 'మామా' అన్న మాట దగ్గరే యోగానంద కనుబొమ్మలు పైకి లేచాయి. కూతురు నేల చూపులు చూడడం కూడా గమనించాడు. సంచిలోంచి ఒక కాయ తీసి వాసన చూశాడు.

తలుపు వెనక అంతా విని, మంచినీళ్ళతో వచ్చిన శేషమ్మ, చెంబు గుణ చేతిలో పెట్టి తేల్చేసింది. "నా వల్ల ఈయబ్బ వాళ్ళమ్మ ఊరందరికీ జవాబు చెప్పుకుంటా ఉంటాది. నేనే పులివెందులకు పోయి తప్పయిందని చెప్పొస్తా. పాప తోడొస్తాది. ఏం యోగీ?"

యోగానంద కూతుర్ని చూశాడు. "పొద్దుగుంకేలోపల రాండి," అన్నాడు.

బస్సులో జేజి ముందు సీట్లో కూర్చుని, ఎక్కీ ఎక్కగానే కళ్ళు మూసుకుంది. వెనక సీట్లో వాళ్ళిద్దరూ. రెండు ఫోన్లూ ఆపేసి ఉన్నాయి. ముద్దనూరు దాటాక వాన పట్టుకుంది. కిటికీ అద్దం సరిగా మూసుకోక చినుకులు లోపలికి కొడుతున్నాయి.

"ఈ పక్కకు రా, తడుస్తావు," అన్నాడు గుణ.

"ఉండనీ," అంది శిల్ప. ఏళ్ళ తరబడి రాసుకోని కబుర్లన్నీ, ఒకటి అయిపోకముందే ఇంకొకటి, పులివెందుల వచ్చేదాకా చెప్పుకుంటూనే ఉన్నారు.

వెంకటసుబ్బమ్మ వాకిట్లోనే ఉంది. శేషమ్మ పోయి ఆమె చేతులు పట్టుకుని, సరేనా సరేనా అని అడిగిన ఫోను కథంతా మళ్ళీ చెప్పింది. వెంకటసుబ్బమ్మ చెవి అక్కడ పెట్టి, కన్ను మాత్రం తడిసిన జుట్టుతో కొడుకు పక్కన నిలబడిన అమ్మాయి మీద పెట్టింది. కొడుకు ముఖం చూసింది. అంత తేటగా ఆ ముఖాన్ని చూసి ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తులేదు.

"పత్రిక పంపింది ఈ పాపేనా?" అని అడిగింది.

"ఊ," అన్నాడు గుణ.

"నువ్వు తెరిచింది దానికేనా?"

గుణ శిల్ప వైపు చూశాడు.

వెంకటసుబ్బమ్మ శిల్ప చెయ్యి పట్టుకుని గడప దాటించింది. లోపలికి నడుస్తూ కొడుకును విసుక్కుంది.

"పెండ్లి లేదు, పెండ్లి లేదని పొద్దుట్నుంచి అందరికీ చెప్పి చెప్పి నా గొంతు పోయిండాది. ఇప్పుడు మళ్ళా ఉండాదని చెప్పాలంటే నావల్ల కాదు. మీ నాయన ఫోన్ తీసుకొని, ముందు మీ మామకు నువ్వే చెప్పు."