కిందికి దిగిన లెక్క

కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సెక్కబోతూ ఏజెంట్ లింబాద్రి కుప్పకూలాడు. ఎండదెబ్బ అనుకుని జనం నీళ్లు చల్లారు. మెడ మీద సూది గుచ్చిన గుర్తును చూసింది ఏజెంట్ రాజేశం ఒక్కడే. పోయినవాడు ప్రాణ స్నేహితుడు. ఏడవడానికైనా టైం లేదు, చెవిలోని రిసీవర్‌లో చీఫ్ గొంతు వినిపించింది.

"లింబాద్రి పని ఇక నీది. ఎల్లారెడ్డిలో జోయల్ అనే కెమిస్ట్ ఉన్నాడు. టెస్ట్‌ట్యూబ్ ముట్టడు, కంప్యూటర్ మీదే ఎలక్ట్రాన్ల లెక్కలు కడతాడు. విషాలకు విరుగుడు వెతికే క్వాంటమ్ కెమిస్ట్రీ ప్రోగ్రాం రాశాడు. విదేశీ ముఠా చేతిలో పడితే అదే ప్రోగ్రాం విరుగుడు లేని విషాన్ని వెతికిపెడుతుంది. ఢిల్లీ నుంచి మన సైంటిస్ట్ గ్లోరీ వస్తోంది. కోడ్ మాట సరిపోతే ప్రోగ్రామునూ, జోయల్‌నూ ఆమెకు అప్పగించెయ్."

ఇన్వర్టర్ మెకానిక్ వేషంలో రాజేశం జోయల్ ఇంట్లో చేరాడు. మరునాటి మధ్యాహ్నం వాకిట్లో నల్ల కారు ఆగింది. నీలం చీర, నల్ల కళ్లద్దాలు, గుమ్మం దాటకముందే సెంటు వాసన.

"పోచారం మత్తడి దుంకుతుందా?" చెరువు నిండి అలుగు పారుతుందా అన్నట్టు కోడ్ మాట అడిగాడు రాజేశం.

"ఇంకా జానెడు తక్కువ," అని గ్లోరీ నవ్వింది.

కోడ్ కరెక్ట్. అయినా రాజేశానికి నమ్మకం కుదరలేదు. ఆపడానికి సాకు మాత్రం లేదు.

"ఒక్కసారి నడిపి చూపిస్త మేడం," అన్నాడు జోయల్. లింబాద్రి సంగతి విన్నప్పటి నుంచి అతని ధ్యాస కుదరడం లేదు. హైడ్రోజన్ అణువు మీద లెక్క కట్టబోయి కంగారులో ఏదో తప్పు నొక్కాడు. తెర మీద అంకె పడగానే నాలుక కరుచుకున్నాడు.

ఆ అణువు అసలు శక్తి ఎంతో లోకానికంతా తెలుసు. జోయల్ పద్ధతిలో లెక్క ఎంత దగ్గరికొచ్చినా దానికి పైనే ఆగాలి. కిందికి దిగిందంటే తప్పు జరిగినట్టే. పొద్దున్నుంచి అతని పాఠం వింటున్న రాజేశానికే అది ఒంటబట్టింది.

రాజేశం ప్రోగ్రాం ఉన్న పెన్‌డ్రైవ్ అందిస్తుండగా గ్లోరీ తెర వైపు వంగింది. "వావ్! అసలు విలువకన్నా కిందికే తీసుకొచ్చారే! బ్రిలియంట్!"

జోయల్ మొహం పాలిపోయింది. "అన్నా, పెన్‌డ్రైవ్ ఇయ్యకు!"

అప్పటికే అది ఆమె వేళ్లకు అందింది. రెండో చేతి ఉంగరంలోంచి సూది బయటికొచ్చి జోయల్ గొంతు మీదికి దూసుకెళ్లింది. రాజేశం ఆమె మణికట్టు ఒడిసిపట్టి మెలితిప్పాడు. సూది జోయల్ కాలరులో దిగబడి, చర్మానికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. బయట నల్ల కారుకు, వీధి చివర కాపు కాసిన డిపార్ట్‌మెంట్ జీపు అడ్డం తిరిగింది.

సంకెళ్లు పడ్డాక గ్లోరీ పళ్లు నూరింది. "ఢిల్లీలోనే ఎవరూ పట్టుకోలేకపోయారు. ఎక్కడ దొరికాను?"

జోయల్ చెమట తుడుచుకున్నాడు. "తప్పు లెక్కను మెచ్చుకున్నరు మేడం. మా లైన్ల పక్కోని లెక్క కరెక్టున్నా ఎవ్వలు మెచ్చుకోరు."