తేలే సెన్సార్, తేలని సంగతి

"ఎవరండీ ఈ వైర్లు కలిపిన మహానుభావుడు?"

ఇంజనీరమ్మ గొంతు వినగానే వైర్ల బాబు స్క్రూడ్రైవర్‌తో సహా లేచి నిలబడ్డాడు. వర్క్‌షాప్‌లో ఓవెన్ ఇంకా వెలిగించనే లేదు. దాని వేడి కొలిచే సెన్సార్ తగిలించిన మీటర్ మాత్రం పన్నెండు వందల డిగ్రీలు చూపిస్తోంది.

"నేనేనండీ. ఇది ఫ్లోటింగ్ సెన్సార్, తేలుతూ ఉంటుందని మీరే అన్నారుగా! తేలేదాన్ని నేలకి కట్టెయ్యడం పాపమని ఎర్త్ జోలికి పోలేదు."

ఆమె నెత్తి బాదుకుంది. "ఖర్మ! రెండు వైర్లూ ఎక్కడా ఆనకుండా ఉంటే ఆంప్లిఫయర్ నోటికొచ్చింది వాగుతుంది."

"అసలు అది చేసే పనేంటండీ?"

"రెండు వైర్ల మధ్య తేడా పట్టుకుని, దాన్ని వంద రెట్లు చేసి చూపిస్తుంది."

"అచ్చం మా మేనత్తే!"

వచ్చే నవ్వును ఆమె బలవంతాన ఆపుకుంది. "మా మేనత్తా తక్కువ తినలేదు. ఓ సంబంధం తెచ్చింది. సాయంత్రంలోగా అవుననో కాదనో చెప్పాలట."

స్క్రూడ్రైవర్ జారి బాబు బొటనవేలి మీద పడింది. ఏడు నెలలుగా మనసులో మాట నోటిదాకా వచ్చి వెనక్కి పోతోంది. ఇవాళా చెప్పకపోతే ఇంజనీరమ్మ ఇంకొకరిదైపోతుంది. తీరా నోరు తెరిస్తే వచ్చిందేమిటి?

"మంచిదండీ."

"మంచిదా!" ఆమె భగ్గుమంది. "ముందు ఆ రెసిస్టర్ పెట్టండి. ఒక వైరు నుంచి ఎర్త్‌కి."

పెట్టాడు. మీటర్ గబగబా దిగి ఇరవై ఎనిమిది దగ్గర బుద్ధిగా కూర్చుంది.

"చూశారా? ఒక కాలు నేల మీద పెడితేగానీ సంగతి తేలదు. సెన్సార్‌కున్న పాటి తెలివి కొందరు మనుషులకి లేదు."

బాబు మీటర్‌ని చూశాడు, ఆమెని చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"ఆ సంబంధం వద్దని చెప్పెయ్! నువ్వంటే నాకు ప్రాణం... అంటే, మీరంటే... ఏడు నెలల్నుంచీ!"

"నువ్వే బాగుంది," అంది ఆమె, సిగ్గుతో మీటర్ వైపు తిరిగి.

ఓవెన్ వెనక ఎవరో దగ్గారు. అక్కడ నట్లు బిగిస్తున్న ఫోర్‌మన్ మసిముఖంతో లేచాడు. ఇంజనీరమ్మ కన్నతండ్రి!

"నాన్నా! అంతా విన్నావా?"

"ఏడు నెలలుగా వింటున్నా, మీ అండీల గోల. బాబూ, సాయంత్రం ఇంటికి రా. మీ మేనత్తని తీసుకురావడం మాత్రం మర్చిపోకు."

"ఆవిడెందుకండీ?"

"సంబంధం తెచ్చిన మా చెల్లెలు ఊరుకోదుగా! ఆవిడనొక పక్క, మీ మేనత్తనొక పక్క కూర్చోబెడదాం. ఇద్దరూ సమానమే గనక తేడా సున్నా, వంద రెట్లు చేసినా సున్నాయే!"