నాలుగో గదిలో పగిలిన మృదంగం

సాయంత్రం కచేరీ అనగా ఆ ఉదయం, నాలుగో రిహార్సల్ గది తలుపు తోసిన లక్ష్మీప్రియకు కుడి మూత చీలిపోయి గోడవారగా పడి ఉన్న మృదంగం కనిపించింది.

వెనకే ధనుష్ వచ్చాడు. మృదంగం అతనిది. పుంగనూరు నుంచి కుప్పం యూనివర్సిటీకి వచ్చిన నాటి నుంచీ బస్సులో కూడా దాన్ని ఒళ్లో పెట్టుకునే కూర్చునేవాడు.

"కత్తితో కోసినారు," అన్నాడు. "ఎవురో నీకూ తెలుసు, నాకూ తెలుసు."

సంగీతం బిల్డింగు మొత్తానికీ తెలుసు. మదనపల్లె చరణ్. రెండేళ్లుగా లక్ష్మీప్రియ ఎక్కడ పాడినా ఆమె ఎడమ పక్కన చరణ్ ఫిడేలు ఉండేది. ఈమధ్యే కుడి పక్కకు ధనుష్ వచ్చి చేరాడు. అందగాడు, పైగా నవ్విస్తాడు. మొన్న క్యాంటీన్‌లో తన గ్లాసులోని టీ సగం ఆమె గ్లాసులోకి వంచాడు. అది చూసి చరణ్ టీలో పొగ వాసన వస్తోందని లేచి వెళ్లిపోయాడు. అదే టీ అంతకుముందే రెండు గ్లాసులు తాగాడు.

దానికి తోడు ఆ బిల్డింగులో గోడలు పలచన. నాలుగో గదిలో పాడితే ఐదో గదిలో వినపడుతుంది. అందుకే అక్కడ ఒక కట్టుబాటు ఉంది. ముందు వచ్చినవాళ్లు ఏ శృతి పెట్టుకుంటే పక్క గదివాళ్లూ ఆ శృతికే రావాలి. వారం నుంచి నాలుగో గదిలో లక్ష్మీప్రియ తంబురా ఐదు శృతి నుంచి నాలుగున్నరకు దిగింది. ధనుష్ మృదంగం పలికేది నాలుగున్నరలోనే. ఐదో గదిలో విడిగా సాధన చేసే చరణ్ పళ్లు కొరుకుతూ ఫిడేలు తీగలు వదులు చేసుకున్నాడు.

తన మామ పుంగనూరు నుంచి ఇంకో మృదంగం బస్సులో వేస్తాడని, అది మధ్యాహ్నానికి వస్తుందని ధనుష్ చెప్పాడు. అయితే ఈ పని చేసినవాడు ఒప్పుకుంటేనే స్టేజి ఎక్కుతానని, లేదంటే తనకు ఆ కచేరీయే వద్దని తేల్చేశాడు.

లక్ష్మీప్రియకు ఇది ఫైనలియర్ పరీక్ష. పక్క వాయిద్యాలు లేకుండా పాడితే మార్కులు లేవు. నిమ్మనపల్లె దగ్గర టమోటా కోతలు వదిలేసి నాన్న నాగరాజు బస్సెక్కాడు. కూతురి కచేరీ ఆయన వినబోయేది ఇదే మొదటిసారి. ఆమెను లోపల కోస్తున్నది మాత్రం ఇవేవీ కావు. చరణ్ కత్తి పట్టుకున్నాడంటే, ఇక జన్మలో అతని మొహం చూడకూడదు. చూడకుండా ఉండటం తన వల్ల అవుతుందా అన్నది ఆమెకే తెలియదు.

మృదంగం మాస్టారు వెంకటముని వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నారు. చీలిక మీద వేలు పెట్టి అంచు దాకా జరిపారు. తరవాత పక్కనున్న తోలు వార్లను మీటి చూశారు.

"ఇది కోసింది కాదమ్మా. కత్తయితే గీత నున్నగా ఉంటాది. బిగించి బిగించి పగలగొట్టినారు. నాలుగున్నర దాటి ఎక్కని మూతను ఐదుకు ఎక్కించబోయినారు. మృదంగం తెలిసినోడు ఈ పని చెయ్యడు."

లక్ష్మీప్రియ వంగి చూసింది. వార్ల మీద తెల్లటి పొడి వేలిముద్రల్లా అంటుకుని ఉంది. వేలికి అద్దుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఫిడేలు కమానుకు రుద్దే రోజిన్ వాసన.

ఎవరికీ చెప్పలేదు. నేరుగా ఐదో గదికి వెళ్లి తలుపు వేసింది.

చరణ్ కిటికీ దగ్గర ఉన్నాడు. బయట సన్నగా వాన మొదలైంది. ఫిడేలు పెట్టెలోనే ఉంది. పొద్దున ఎప్పుడొచ్చావని అడిగింది. ఇప్పుడే అన్నాడు. నాలుగో గదికి వెళ్లావా అని అడిగింది. తనకక్కడ ఏం పని అన్నాడు. ఆమె తెల్లటి పొడి అంటిన తన వేలు అతని ముందు పెట్టింది.

అతను కిటికీ వైపు తిరిగాడు.

"చేసినోడు ఒప్పుకోకపోతే ధనుష్ స్టేజి ఎక్కనంటాండాడు," అంది ఆమె. "వెంకటముని సార్‌కు పేరు తెలీదు. నాకు తెలుసు. నీ నోటితో చెప్తే వింటా."

"నాలుగున్నరకు యాల దిగినావు? ఏం కారణం?"

"నేనడిగేదేంది, నువ్వడిగేదేంది?"

"చెప్పు. యాల దిగినావు?"

"గొంతు పట్టేసిందప్పా. వారమైంది. పైస్థాయి పోతే జీర వస్తాండాది. నీకు చెప్తే కచేరీ మానుకోమంటావని చెప్పలా. ధనుష్ మృదంగం ఆ శృతిదే కాబట్టి సరిపోయింది. అంతే."

చరణ్ గోడకు ఆనుకుని మెల్లగా నేల మీద కూర్చున్నాడు. తరవాత తలెత్తకుండానే మొదలుపెట్టాడు.

"నేనే. తెల్లారి వచ్చినా. పగలగొట్టాలని రాలా, నమ్మితే నమ్ము. రెండేండ్లు నీ పక్కన వాయించినా, నా కోసం ఒక్కనాడు అర శృతి దిగలా నువ్వు. వాడొచ్చి నెల కాలా, వాని మృదంగం కోసం దిగినావనుకున్నా. గోడ అవతల నువ్వు తగ్గించి పాడతాంటే ఈడ నాకు అన్నం పోలా. సరే, వాడు నీ పక్కన కూర్చోనీ, నువ్వు మాత్రం నీ శృతిలోనే పాడాలని, రాయితో మూత అంచు కొట్టి వార్లు బిగించినా. ఫిడేలు తీగ మాదిరి బిగిస్తే శృతి ఎక్కుతాదనుకున్నా. ఠప్‌మనింది. భయమేసి పారిపోయినా. ఇప్పుడు పోయి ధనుష్ ముందర, సార్ ముందర ఇదంతా చెప్తా. మూత వేయించిస్తా, వాడు కొడితే పడతా. యాల చేసినావని అడుగుతారు. కుళ్లుతో అని చెప్తా, అది నిజమే. ఆ కుళ్లు యాడనుంచి వచ్చిందో మాత్రం వాళ్లకు చెప్పను. నువ్వంటే నాకు ప్రాణం ప్రియా. అది చెప్పే ధైర్యం లేకనే రాయి పట్టుకున్నా."