మేకు మీద లేని రొట్టె

డిటెక్టివ్ తోర్గొయెవ్ ఆఫీసు తలుపును ఆ ఉదయం ఎవరూ తట్టలేదు. ఒకామె తోసుకునే వచ్చింది. భుజాన సంచి, చేతిలో చిన్న సూట్‌కేసు. సూట్‌కేసు పిడికి విమానాశ్రయంలో అంటించిన చీటీ ఇంకా వేలాడుతోంది. బూట్లకంటిన మంచు గది మధ్యలో కరిగి మడుగు కట్టింది. కూర్చోమన్నా ఆమె కూర్చోలేదు.

"నన్ను విమానం ఎక్కనివ్వలేదన్నా," అంది. "మా ఇంట్లోనే ఎవరో చేశారు. అదెవరో తేల్చు. కొత్త పాస్‌పోర్టు తెచ్చుకున్నా మళ్ళీ ఇదే చేస్తారు."

తోర్గొయెవ్ సహాయకురాలు జిపార్ టీ పోసి ఆమె చేతిలో పెట్టింది. ఆమె నిలబడే తాగేసింది. జిపార్ ఇంకో గిన్నె పోసింది.

ఆమె పేరు బుసారా. ఓష్ పట్నం శివార్లలో అత్తగారింట్లో ఉంటోంది. భర్త ఉలాన్ ఇస్తాంబుల్‌లో ఇళ్ళ కట్టుబడి పనికి వెళ్ళి రెండేళ్ళయింది. ఈ వారం మొదట్లో పరంజా విరిగి కింద పడ్డాడని, తెలివి లేదని, ఆస్పత్రికి తీసుకెళ్తున్నారని కబురొచ్చింది. బుసారా ఆ పూటే ప్రయాణం కట్టింది. మరిది కెంజె టికెట్ తెచ్చాడు. ఇవాళ విమానాశ్రయంలో సామాను తూచేచోట అంతా సవ్యంగానే జరిగింది. సరిహద్దు అధికారి ముద్ర ఎత్తి, ఆగాడు. పాస్‌పోర్టు సరిగ్గా మధ్యలో మడత కాగితం ఒకటి లేదు. పేజీ అంకెలు అక్కడ ఒక్క దూకు దూకాయి. కాగితం పోయిన పాస్‌పోర్టు చెల్లదన్నాడు. ఆమె బతిమాలింది. వెనకున్నవాళ్ళు విసుక్కున్నారు. చివరికి గాజు తలుపు ఇవతల నిలబడి, విమానం రెక్కల మీది మంచు కడగడం, అది కదిలిపోవడం చూసింది.

"వెళ్ళేటప్పుడు ఆయన నన్ను గేటు దగ్గరే ఆపేశాడు," అంది బుసారా. "విమానాశ్రయానికి రావద్దు, నువ్వేడిస్తే నేను పోలేనన్నాడు. వీధి మలుపులో చెయ్యి ఊపాడు. ఎండ కళ్ళలో పడి నాకు సరిగా కనబడలేదు. ప్రాణముండగా ఒక్కసారి చూడాలి, అన్నా. ఇంకేం వద్దు."

పాస్‌పోర్టు ఎవరెవరి చేతుల్లో ఉందని తోర్గొయెవ్ అడిగాడు. టికెట్ కోసం కెంజె పట్టుకెళ్ళాడు. తర్వాత అత్తగారు తుర్సునాయ్ తీసుకుని పెట్టెలో పరుపుల కింద దాచింది. ఇవాళ తెల్లవారుతుండగా బయటికి తీసిచ్చింది. లారీలో దింపుతానన్న చినమామ ఒమురాలి ఎంతకీ రాకపోతే, బుసారా పక్కింటివాళ్ళ కారు ఎక్కి వెళ్ళిపోయింది. ఆమె అనుమానమంతా మరిది మీదే. మొన్న ఆమె ఫోను బాగుచేయిస్తానని తీసుకుని ఇంతవరకు ఇవ్వలేదు. ఆడది ఒక్కతే అంతదూరం ఏమిటని గొణిగింది కూడా అతనే.

తోర్గొయెవ్ పాస్‌పోర్టును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశాడు. ఒకప్పుడు పోలీసు శాఖలో నేర పరిశోధన చేసినవాడు. వస్తువును చేతిలోకి తీసుకుంటే అది తనతో మాట్లాడుతుందని జిపార్ నమ్మకం.

"పగబట్టి చేశారు," అంది జిపార్.

"పగబట్టినవాడు పొయ్యిలో వేస్తాడమ్మాయ్. ఇక్కడ కుట్టు విప్పి, ఒక్క కాగితం తీసి, మిగతావి ఊడిపోకుండా మళ్ళీ కుట్టారు. దారానికి మైనం పట్టించారు. ముడి లోపలికి దాచారు. ముఖమున్న పేజీ మీద చిన్న గీత కూడా లేదు."

తర్వాత బుసారా వైపు తిరిగి, బయల్దేరేటప్పుడు రొట్టె కొరికావా అని అడిగాడు. అదేం ప్రశ్న అన్నట్టు చూసిందామె. అత్తమ్మే పట్టుకుంటే కొరికానంది.

ముగ్గురూ కారులో వెళ్ళారు. దారంతా బుసారా విమానాల వేళల గురించే మాట్లాడింది.

వాకిట్లో మంచు ఊడ్చి ఉంది. మామూలుగా నడకదారి మేరకే ఊడుస్తారు. ఇక్కడ వాకిలి సగం, నేల కనబడేదాకా గుండ్రంగా ఊడ్చారు. గోడ పక్కన పెద్ద వంటపాత్ర తోమి బోర్లించి ఉంది. బయట నిలిపిన లారీలో టార్పాలిన్ కింద నుంచి ఎర్రరంగు వేసిన వంపు కర్రలు పొడుచుకొచ్చాయి. లారీ పక్కన నిలబడ్డ ముసలాయన బుసారాను చూడగానే చేతిలోని తాడు వదిలేశాడు. ఆయనే ఒమురాలి. లోపలి నుంచి వచ్చిన కెంజె గుమ్మంలోనే ఆగిపోయాడు.

తోర్గొయెవ్ ఎవరో, ఎందుకొచ్చాడో తెలిశాక ముసలాయనే ముందు తేరుకున్నాడు.

"పోలీసు టోపీ తీసేశాక ఇదా పని నాయనా? ఇంటింటికీ తిరిగి కోడళ్ళ కాగితాలు వెతకడం?"

"టోపీ ఉన్నప్పుడు ఇంతకంటే చిన్న పనులే చేశాను పెద్దాయనా. లోపలికి రమ్మంటారా?"

లోపల పొయ్యి వెచ్చగా ఉంది. నేలమీద పరిచిన గుడ్డ చుట్టూ బుసారా కూతుళ్ళిద్దరు కూర్చుని రొట్టె ముక్కలు టీలో ముంచుకుని తింటున్నారు. మిగిలిన రొట్టె వాళ్ళ మధ్యలో ఉంది. దాని అంచున పెద్దవాళ్ళ పంటిగాటు ఉంది. తుర్సునాయ్ పొయ్యి పక్కన కూర్చుని ఉంది. కోడలిని చూసి ఉలిక్కిపడలేదు. చలిలో వచ్చావు, టీ తాగు అంది, అంతే. తర్వాత పిల్లలిద్దరికీ శాలువాలు కప్పి పక్కింటికి పంపేసింది.

తోర్గొయెవ్ గోడ వైపు చూశాడు. రెండు మేకులు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి కొత్తది. పాతదాని చుట్టూ పొగచూరని తెల్లటి గుండ్రటి మచ్చ ఉంది. రెండు మేకులూ ఖాళీయే.

కెంజెని వంటగదిలోకి పిలిచాడు.

"మీ వదిన ఫోను ఏది?"

"షాపులో ఉంది."

"ఏ షాపు?"

"బజార్లో."

"నీ జేబులో మోగుతున్నదెవరిది?"

కెంజె జేబు మీద చెయ్యి పెట్టి నొక్కిపట్టాడు. మోత ఆగేదాకా తీయలేదు.

"నువ్వే కొన్న టికెట్ నువ్వే చెడగొట్టావా?"

"నేను ఆ పాస్‌పోర్టు ముట్టలేదు. ఒట్టు. వదినని ఆపడం నా వల్ల కాలేదు. నా వల్ల ఏది అయింది గనక." అతని కళ్ళు వాచి ఉన్నాయి. జలుబు చేసిందన్నాడు.

ఒమురాలి దగ్గర మాటలు ఇంకా తక్కువే దొరికాయి. పొద్దున లారీ ఎందుకు తేలేదంటే, చలికి ఇంజను పట్టేసిందన్నాడు. మరిప్పుడు నడిచి వచ్చిందా అంటే మాట మార్చాడు. అలాయ్ కొండల నుంచి తమందరిలో పెద్దవాడైన తన పెద్దన్న రావాలనీ, కనుమలో మంచు పడి దారి మూసేశారనీ, ఆయన కోసమే చూస్తున్నామనీ చెప్పాడు. దేనికని తోర్గొయెవ్ అడిగాడు. ముసలాయన టోపీ తీసి, దాన్లోకి చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

తోర్గొయెవ్ వాకిట్లోకి వచ్చి, ఊడ్చిన చోట అంచున నిలబడ్డాడు. జిపార్ వెనకాలే వచ్చింది. దొంగ దొరికితే ఆయన కళ్ళలో కనబడే మెరుపు ఇవాళ లేదు.

"తెలిసిందా సార్?"

"తెలిసింది. తెలియకపోతే బాగుండేది. నువ్వు ఆ అమ్మాయి పక్కనే కూర్చో. చెయ్యి అందేంత దగ్గరగా."

అందరినీ పొయ్యి గదిలో కూర్చోబెట్టాడు. తాను మాత్రం నిలబడే మాట్లాడాడు.

"పాస్‌పోర్టులో కాగితం తీసింది కెంజె కాదు. ఒమురాలిగారూ కాదు. వాళ్ళ పద్ధతి వేరు. ఒకరు ఫోను దాచారు, ఒకరు లారీ ఆలస్యం చేశారు. చెల్లీ, నువ్వు వాళ్ళిద్దరినీ దాటుకుని వెళ్ళావు. నీ మోకాలి కింద పరుపు అంచు చూడు."

బుసారా అంచు తిప్పింది. పాస్‌పోర్టు దాని పక్కన పెట్టింది. అదే మైనపు దారం, లోపలికి దాచిన అదే ముడి. ఆ పరుపులు ఆ ఇంట్లో ఒక్కరే కుడతారు.

"అత్తమ్మా?" అంది.

తుర్సునాయ్ కాదనలేదు. పొయ్యిలోకి చూస్తూ కూర్చుంది.

"దూరం వెళ్ళేవాళ్ళు కొరికిన రొట్టెను మేకుకు తగిలిస్తారు, వాళ్ళు తిరిగొచ్చేదాకా ఎవరూ ముట్టరు," అన్నాడు తోర్గొయెవ్. "నీ కోసం కొత్త మేకు కూడా కొట్టి ఉంది. కానీ నీ రొట్టె పిల్లల చేతుల్లో ఉంది. మనం వచ్చేసరికి సగం అయిపోయింది. నువ్వు విమానం ఎక్కవనీ, ఈ పూటే తిరిగొస్తావనీ మీ అత్తమ్మకు తెలుసు. నిన్ను చూసి ఆశ్చర్యపోనిది ఆమె ఒక్కతే. ఆమె నీకు చెడు తలపెట్టలేదు. చెడు తలపెట్టినవాళ్ళు మిగతా కాగితాలు కుట్టరు. నీ ముఖమున్న పేజీని ఆమె వేలితో కూడా ముట్టలేదు."

"మరెందుకు? అక్కడ ఆయన..." అంది బుసారా.

తోర్గొయెవ్ ఎన్నో కేసులు విప్పి చెప్పినవాడు. చివరి మాట ఎప్పుడూ తనదే. ఈసారి ఆగిపోయాడు. చావు కబురు ఎవరు పడితే వాళ్ళు చెప్పరాదు. ఇంటివాళ్ళను కూర్చోబెట్టి, వంశంలో పెద్దవాడు చెప్పాలి. అంతవరకు ఊరంతా తెలిసినా ఆ గుమ్మంలో తెలియకూడదు. పోయినవాణ్ణి ఉంచడానికి వాకిట్లో వేయబోయే గుడారం, తోమిన వంటపాత్ర, దాచిన ఫోను, అన్నీ ఆ ఒక్క నోటి కోసం ఎదురుచూస్తున్నాయి. ఆ నోరు మంచు పడిన కనుమకు అవతల ఉంది.

"కాగితం ఎవరు తీశారో చెప్పడం వరకే నా పని," అన్నాడు. "పాత మేకు ఎందుకు ఖాళీగా ఉందో చెప్పే హక్కు నాకు లేదు. ఒమురాలిగారూ, ఇక దారి తెరుచుకునేదాకా ఆగలేరు. ఆమె మళ్ళీ టికెట్ కొంటుంది."

బుసారా అప్పుడు గోడ వైపు చూసింది. ఉలాన్ కొరికిన రొట్టె రెండేళ్ళుగా వేలాడిన చోటు అది. జిపార్ ఆమె చెయ్యి పట్టుకుంది.

ఒమురాలి మోకాళ్ళ మీద వంగి కోడలి ముందు కూర్చున్నాడు.

"మా పెద్దన్న ఉండగా నేను చెప్పకూడదు బిడ్డా. ఆయన రాలేకపోయాడు. ఉలాన్ ప్రాణంతో ఆస్పత్రికి చేరలేదమ్మా. మనం టికెట్ కొన్న సాయంత్రమే కబురొచ్చింది. వాడు ఇవాళ మధ్యాహ్నం విమానంలో ఇంటికొస్తున్నాడు."

కెంజె గోడ వైపు తిరిగి ఏడ్చాడు. జేబులో ఫోను మళ్ళీ మోగింది. ఎవరూ తీయలేదు. ఇస్తాంబుల్‌లోని మన కుర్రాళ్ళు నిన్ను కలుసుకుని వెనక్కి పంపిస్తారనుకున్నామని ఒమురాలి ఏదో చెప్పబోయాడు. ఆ మాట ఎంత తెలివితక్కువదో చెబుతుండగానే ఆయనకు తెలిసి, మధ్యలో వదిలేశాడు.

బుసారా ఏడవలేదు. అత్తగారి వైపు జరిగింది.

"నీకు తెలుసు. తెలిసీ నాకొక్క మాట చెప్పలేదు."

"నాకే ఎవరూ చెప్పలేదు కదే," అంది తుర్సునాయ్.

మగవాళ్ళిద్దరూ తలెత్తారు. ఉలాన్ తల్లికి తెలియదనే వాళ్ళు అనుకుంటున్నారు.

"మొన్న మీ చినమామ వచ్చాడు. ఎప్పుడూ ఉలాన్ రొట్టెకి ఎదురుగా కూర్చుని, వీడెప్పుడొస్తాడు వదినా అని అడిగేవాడు. మొన్న దానికి వీపు పెట్టి కూర్చున్నాడు. వాడి పేరెత్తలేదు. ఇంకేం చెప్పాలి నాకు? ఆయన వెళ్ళాక రొట్టె దించాను. మర్నాడు వాకిలి అంత వెడల్పున ఊడుస్తుంటే, వాడు ఇంటికే వస్తున్నాడని తెలిసింది." ఆమె కోడలి వైపు తిరిగింది. "నువ్వు ఇటునుంచి పోతే వాడు అటునుంచి వస్తాడు. నువ్వు ఆ ఊళ్ళో వెతుక్కుంటుండగా ఇక్కడ మట్టి చేసేస్తారు. వాడి ముఖమైనా నీకు దక్కాలనుకున్నా. నాకు చదువు రాదు. ఏ కాగితం తీస్తే ఆపుతారో తెలియక మధ్యలోది తీశాను."

లేచి పెట్టె తెరిచింది. పరుపుల అడుగు నుంచి గుడ్డమూట తీసి కోడలి ఒళ్ళో పెట్టింది. ఎండి రాయైన రొట్టె, దాని కింద మడత చెడని పాస్‌పోర్టు కాగితం. రొట్టె అంచున ఉలాన్ పంటిగాటు స్పష్టంగా ఉంది. బుసారా దాని మీద వేలు పెట్టింది. అప్పుడు వచ్చింది ఆమెకు ఏడుపు.

వాకిట్లో గుడారపు కర్రలు దించుతున్న చప్పుడు మొదలైంది. బుసారా మొహం కడుక్కుని, తాను విమానాశ్రయానికి వెళ్తానంది. ఆడవాళ్ళు ఇంట్లోనే ఉండి ఎదురుచూడాలని ఒమురాలి అన్నాడు. తుర్సునాయ్ ఆయన్ని ఒక్క చూపు చూసింది.

"వెళ్ళనీ. ఆవేళ వాడే దీన్ని గేటు దగ్గర ఆపాడు. ఇవాళ నువ్వూ ఆపకు."

తోర్గొయెవ్ కారు తీశాడు. దారిలో జిపార్ ఒకసారి అద్దంలో ఆయన ముఖం చూసి, ఈ కేసు గురించి ఆఫీసులో ఎప్పుడూ అడగకూడదని అనుకుంది.

ఉలాన్ శవపేటికను దించే సరుకుల షెడ్డు విమానాశ్రయం వెనక వైపు ఉంది. కాపలాదారు అలవాటుగా కాగితం చూపించమన్నాడు. బుసారా దగ్గర ఇంకో కాగితం లేదు. మైనపు దారంతో కుట్టిన ఆ పాస్‌పోర్టే చాచింది. అతను ఆమె ముఖం చూశాడు, ఆమె చంకలోని గుడ్డమూట చూశాడు, గేటు తీశాడు.

ఈసారి ఎవరూ పేజీలు లెక్కపెట్టలేదు.