ఇవాళ హోటల్ మారుతున్నాం

న్యూజిలాండ్ దక్షిణపు కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్‌లో జూలై అంటే నడి చలికాలం, పొద్దున ఎనిమిదైనా సరిగ్గా తెల్లవారదు. బయట కారు అద్దం మీద మంచు గట్టిగా పేరుకుంది. వంటింట్లో మాత్రం శ్రీనివాసమూర్తి గది వెచ్చబెట్టే హీట్ పంప్‌ని ఇరవై ఎనిమిది డిగ్రీలకి పెట్టి, పొట్టి చేతుల చొక్కా వేసుకుని ఉప్మా కలుపుతున్నాడు. ఆ చొక్కా నిండా కొబ్బరిచెట్ల బొమ్మలు. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరైన పెద్దమనిషికి ఇదేం వేషమని ఎవరైనా నవ్వుకోవచ్చు. నవ్వులు పట్టించుకునే తీరిక ఆయనకి లేదు.

"అనంతా, తయారయ్యావా? ఇవాళ కాండీ. తోట చూడాలి," అని కేకేశాడు.

అనంతలక్ష్మి నూలు చీరలో, భుజానికి హ్యాండ్‌బ్యాగు తగిలించుకుని వచ్చింది. చీర కింద ఆయన తొడిగిన ఉన్ని బట్టలు చీలమండల దగ్గర బయటపడుతున్నాయి. కుర్చీలో కూర్చుని ఉప్మా రుచి చూసింది.

"ఈ హోటల్లో టిఫిన్ బాగుంటుందండీ. మన ఇంట్లో కంటే నయం."

"వంటవాడు మన కాకినాడ వాడేనట."

"అలా చెప్పండి మరి!"

బల్ల అవతల నిరుపమ కాఫీ కప్పు ఎత్తింది, తాగడం మర్చిపోయింది. వాళ్ల ఒక్కగానొక్క కూతురు. ఆక్లండ్ శివారు ఫ్లాట్ బుష్‌లో ఇల్లు, ఫార్మసీలో ఉద్యోగం, స్కూలుకెళ్లే కూతురు అక్షర, అన్నీ భర్త మీద పడేసి నిన్న సాయంత్రమే విమానం దిగింది. తండ్రి ఫోన్‌లో చెబుతుంటే ఏదో కాలక్షేపం అనుకుంది. వ్యవహారం ఇంత పకడ్బందీగా నడుస్తోందని ఊహించలేదు.

అనంతలక్ష్మి ఆమె వంక చూసి మర్యాదగా నవ్వింది. "ఈ అమ్మాయి మన గైడు కదూ? ఏ ఊరమ్మా మీది? తెలుగు చక్కగా మాట్లాడుతున్నావు."

"అమ్మా, నేను..."

తండ్రి కళ్లతోనే వద్దన్నాడు.

"మా అమ్మాయి కూడా నీలాగే ఉంటుంది. కాస్త లావు, అంతే," అంది అనంతలక్ష్మి. "మనసు వెన్న. కానీ అన్నీ తనకే తెలుసంటుంది. నేనేమీ అననులే, చదువుకున్న పిల్ల."

ఇందులో నవ్వాల్సింది ఎంతో, ఏడవాల్సింది ఎంతో నిరుపమకి తేలలేదు.

నిజానికి ఈ శ్రీలంక ప్రయాణం అనంతలక్ష్మి చాలా ఏళ్ల కోరిక. న్యూజిలాండ్ వచ్చిన దగ్గర్నుంచీ దొరికిన ప్రతి సెలవూ ఇండియాకే పోయింది. ఒకసారి పెళ్లి, ఒకసారి ఆస్పత్రి, ఒకసారి గృహప్రవేశం. సెలవు అయిపోయేసరికి వెళ్లినప్పటికంటే ఎక్కువ అలిసిపోయి వచ్చేవాళ్లు. "చుట్టాలు లేని దేశానికి ఒక్కసారి వెళ్దామండీ," అనేది ఆవిడ. సిగిరియా కొండ, దంబుల్లా గుహల్లో బొమ్మలు, కాండీ గుడి, టీ తోటలు, ఏనుగులు, చివర్న బెంటోటాలో సముద్రం. ఏ రోజు ఏ ఊరో ఇద్దరికీ కంఠతా వచ్చేసింది.

మొదటిసారి టికెట్లు తీసుకున్నాక అత్తగారు తుంటి విరగ్గొట్టుకుంది. రెండోసారి నిరుపమకి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. సూట్‌కేసులో సర్దిన కొత్త చీరలు తీసేసి, పాత మెత్తటి బట్టలు, వాము, శొంఠిపొడి పెట్టుకుని అనంతలక్ష్మి ఆక్లండ్ విమానం ఎక్కింది. "శ్రీలంక ఎక్కడికి పోతుంది? అక్కడే ఉంటుంది," అంది.

శ్రీలంక అక్కడే ఉంది. ఆవిడే ఉండలేదు. మూడోసారి అన్నీ సిద్ధమయ్యాక, రోజూ వెళ్లే కొట్టు నుంచి ఇంటికి దారి మర్చిపోయి చీకటి పడేదాకా తిరిగింది. మతిమరుపు జబ్బని తేలింది. ఇక విమానం ఎక్కించొద్దని డాక్టరు చెప్పేశాడు.

టిఫిన్ అయ్యాక శ్రీనివాసమూర్తి టీవీలో ఏనుగులు పెట్టి భార్యని దాని ముందు కూర్చోబెట్టాడు. నిరుపమ చెత్తడబ్బా బయట పెడదామని గరాజ్‌లోకి వెళ్లింది. అక్కడ గోడ వారగా చుట్టేసిన పాత కార్పెట్ పొడుగ్గా పడుకుని ఉంది. దాని మీద పసుపు దుప్పటి, తలవైపు దిండు, ముందు రెండు ప్లాస్టిక్ పువ్వులు. పక్కనే టార్చిలైటు.

వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. "ఏంటి నాన్నా ఆ గరాజ్‌లో?"

"దంబుల్లా. పడుకున్న బుద్ధుడు. నిన్న చూశాం." ఆయన గొంతులో కాస్త సిగ్గు, కాస్త గర్వం. "చాలాసేపు దణ్ణం పెట్టుకుంది."

"కార్పెట్‌కి."

"కార్పెట్‌కే."

"నాన్నా, అమ్మని చేర్చుకుంటామన్న రెస్ట్‌హోమ్ వాళ్లకి ఇవాళ చెప్పాలి. గది మనకోసం ఎన్నాళ్లో ఆపరు."

"ఇవాళ కాండీ ఉందమ్మా. క్వీన్స్ పార్క్‌లో ఆ అద్దాల ఇల్లు ఉందిగా, లోపల వెచ్చగా ఉంటుంది, మన దేశం మొక్కలుంటాయి. అక్కడికి..."

"నాన్నా!"

ఆయన గిన్నె తోముతూ ఆగాడు.

"పోయిన నెల అమ్మ తెల్లారకుండా గేటు దగ్గర ఎందుకు నించుంది? బస్సు కోసం. ఏ బస్సు? మీరు చెప్పిన బస్సు! అంత మంచులో, నూలు చీరలో, సూట్‌కేసు పట్టుకుని. పక్కింటాయన చూడకపోతే ఏమయ్యేది? ఊపిరితిత్తులకి నిమ్ము చేరి అన్ని రోజులు ఆస్పత్రిలో పడి ఉంది. అయినా మీరు మళ్లీ మొదలుపెట్టారు. అమ్మకి జబ్బు, సరే. మీకేమైంది? మీరు కూడా అదే నమ్మేస్తే ఇక మిగిలిందెవరు?"

"నేను నిజం చెప్పలేదనుకుంటున్నావా?" ఆయన గొంతు పెరగలేదు. అదే నిరుపమని భయపెట్టింది. "మొదట్లో రోజూ చెప్పాను. 'నీకు ఒంట్లో బాగాలేదు, మనం వెళ్లలేం' అని. విని ఏడ్చేది. పొద్దున్నే లేచి మళ్లీ బస్సెప్పుడు అని అడిగేది. మళ్లీ చెప్పేవాణ్ణి. మళ్లీ అప్పుడే విన్నట్టు ఏడ్చేది. ఎన్నిసార్లు ఏడిపించమంటావు? ఒకరోజు నావల్ల కాక కారెక్కించి ఒరెటి బీచ్‌కి తీసుకెళ్లాను. ఇసుకలో కారు ఆపి, ఇదే శ్రీలంక అన్నాను. ఆ మొహం నువ్వు చూడలేదు."

"అబద్ధం చెప్పి నవ్వించడం ప్రేమ కాదు నాన్నా."

"నిజం నువ్వే చెప్పి చూడు. వెళ్లు."

నిరుపమకి పౌరుషం వచ్చింది. చేతులు తుడుచుకుని ముందుగదిలోకి నడిచింది. టీవీ ఆపి, తల్లి మోకాళ్ల దగ్గర కూర్చుని, రెండు చేతులూ పట్టుకుంది.

"అమ్మా, నేను నిరుపమని. ఇది మన ఇల్లు. మనం శ్రీలంక వెళ్లలేదు. ఆ టూర్ కాన్సిల్ అయిపోయింది."

అనంతలక్ష్మి ముఖంలోని వెలుగంతా ఒక్కసారిగా పోయింది. "కాన్సిలా? మళ్లీనా?" అంది. నిరుపమ కన్నీళ్లకి సిద్ధపడింది. కానీ ఆవిడ ఏడవలేదు. గబుక్కున లేచి నిలబడింది.

"నిరూకి నొప్పులొచ్చేశాయా? ఏమండీ! ఎక్కడున్నారు? ఆ కొత్త చీరలు తీసేయండి. వాము ఏ డబ్బాలో పెట్టాను? నా తల్లి అక్కడ ఒక్కతే ఉంది. నెలలు కూడా నిండలేదు. టికెట్లు పోతే పోయాయి, ముందు ఆక్లండ్‌కి చూడండి."

"అమ్మా, కూర్చో. నేనిక్కడే ఉన్నాను. నాకేం కాలేదు, చూడు."

"తప్పుకో అమ్మా! నీకేం తెలుసు? నా కూతురికి ప్రాణం మీదికొచ్చింది."

ఆవిడ వీధి తలుపు దగ్గరికి పరుగెత్తింది. గేటు సంగతి జరిగాక ఆ తలుపుకి ఎప్పుడూ తాళమే. గడియ పట్టుకుని లాగింది, అరచేతులతో బాదింది. ఇంకా మానని ఛాతీలోంచి పిల్లికూతలాంటి చప్పుడు వస్తోంది. "నిరూ, వస్తున్నానే! వచ్చేస్తున్నా!" అని తలుపుకి చెబుతోంది.

ఆ నిరూ వెనకే నిలబడి చూస్తోంది. తనే ఇక్కడుంది, తనకోసమే అమ్మ తలుపు బాదుకుంటోంది. ఆనాడు ఆ టికెట్లు పోయినందుకు అమ్మ ఎప్పుడైనా బాధపడిందా అని తను ఒక్కసారి కూడా అడగలేదు. అమ్మకి మతి పోయినా ఆ పరుగు మాత్రం పోలేదు.

"ఆంటీ!" అంది నిరుపమ.

ఆ పిలుపు ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. కన్నతల్లిని ఆంటీ అంది. అయినా ఆపలేదు.

"ఆంటీ, నేను గైడుని. పొరపాటున చెప్పాను. కాన్సిలైంది వేరే గ్రూపు వాళ్లది. మీ అమ్మాయి ఇప్పుడే ఫోన్ చేసింది. సుఖంగా కాన్పు అయిందట. ఆడపిల్ల."

అనంతలక్ష్మి చేతులు తలుపు మీదే ఆగిపోయాయి. "నిజంగానా? తల్లీ పిల్లా క్షేమమేనా?"

"క్షేమం ఆంటీ. మీరు హాయిగా తిరిగి రమ్మంది."

"ఆడపిల్లట!" ఆవిడ నిరుపమ బుగ్గలు రెండూ పట్టుకుంది. "చల్లని మాట చెప్పావు తల్లీ. అక్షర అని పెట్టమను."

ఆవిడ్ని మళ్లీ ఏనుగుల ముందు కూర్చోబెట్టి వచ్చేసరికి శ్రీనివాసమూర్తి వంటింట్లో నేల మీద చతికిలబడి ఉన్నాడు. కొబ్బరిచెట్ల చొక్కా పొట్టి చెయ్యి భుజం దాకా ఎత్తి చూపించాడు. అక్కడ పెద్ద నల్లటి దెబ్బ.

"స్నానం చేయిస్తుంటే ఇద్దరం పడ్డాం. నీకు చెప్పలేదు. ఆ రోజు ఆవిడ గేటు దగ్గర ఉంటే నేను నిద్రపోతున్నాను నిరూ, ఒళ్లు తెలియకుండా. నువ్వు చెప్పేది తప్పని ఎవరన్నారు? నాకు చేతకావడం లేదు. కానీ నిన్ను అక్కడ వదిలేసి వస్తానని ఆవిడకి ఏ నోటితో చెప్పను?"

నిరుపమ కూడా పక్కనే నేల మీద కూర్చుంది. తండ్రి తల భుజం మీదికి లాక్కుంది. కాసేపటికి ఫోన్ తీసి రెస్ట్‌హోమ్‌కి చేసి, రేపు తీసుకొస్తామని చెప్పింది. ఆ తర్వాత ముగ్గురూ కలిసి క్వీన్స్ పార్క్‌కి వెళ్లి కాండీ తోట చూసి వచ్చారు.

మర్నాడు శ్రీనివాసమూర్తి ఉప్మా చేయలేదు. ఉన్ని స్వెట్టరు వేసుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. నిరుపమే గదిలోకి వెళ్లి దీపం వేసింది.

"ఆంటీ, లేవండి. ఇవాళ హోటల్ మారుతున్నాం."

"ఇవాళ ఏ ఊరమ్మా?"

"బెంటోటా. సముద్రం దగ్గర."

"ఆఖరిది కదూ," అంది అనంతలక్ష్మి. అది మాత్రం ఆవిడకి గుర్తుంది.

ఊరి చివర, గొర్రెలు మేసే పచ్చిక పక్కన ఉంది ఆ రెస్ట్‌హోమ్. గది శుభ్రంగా ఉంది, వెచ్చగానూ ఉంది. నర్సు పేరు పెట్టి పలకరిస్తే అనంతలక్ష్మి పొంగిపోయింది. కిటికీలోంచి చూసి, "సముద్రమేదీ?" అని అడిగింది.

"ఆ గడ్డి దాటి వెళ్తే సముద్రమే ఆంటీ," అంది నిరుపమ. అది అబద్ధం కాదు, అంత దూరం ఆవిడ ఇక ఎప్పుడూ వెళ్లదు, అంతే.

చీరలు బీరువాలో పెట్టారు. అక్షర ఫొటో బల్ల మీద పెట్టారు. ఇక చేయడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు అనంతలక్ష్మి గది చుట్టూ ఒకసారి చూసి, భర్త వైపు తిరిగింది.

"ఇదేంటండీ, ఒకటే మంచం వేశారు? అదీ ఇంత సన్నది. మీరెక్కడ పడుకుంటారు?"

శ్రీనివాసమూర్తి స్వెట్టరు అంచు పట్టుకుని తిప్పుతున్నాడు.

"ఆ గైడమ్మాయిని అడగండి. డబుల్ రూమ్ అని కదా చెప్పారు."

"పొరపాటైంది ఆంటీ," అంది నిరుపమ. "రెండో మంచం రేపు వేస్తారు."

"రేపా? మరి ఈ రాత్రికి?"

"ఈ రాత్రికి నేను బస్సులో పడుకుంటాలే అనంతా," అన్నాడు శ్రీనివాసమూర్తి. అలవాటైన గొంతే, చివర్లో కాస్త జారింది.

"బస్సులో ఏసీ మరీ ఎక్కువ పెడతారు. మీకసలే చలి పడదు." ఆవిడ తన శాలువా తీసి ఆయన మెడ చుట్టూ కప్పి, కొసలు సరిచేసింది. "పొద్దున్నే వచ్చేయండి. మీరొచ్చేదాకా నేను టిఫిన్ తినను."

ఇద్దరూ బయటికొచ్చాక తలుపు మూసుకుంది. అది లోపల్నుంచి తెరుచుకోదు.

కారులో కూర్చున్నారు. ఆయన శాలువా తీసి మడతపెట్టి ఒళ్లో ఉంచుకున్నాడు.

"రేపు రెండో మంచం ఏదని అడుగుతుంది నిరూ."

"అడగదు నాన్నా. రేపటికి మర్చిపోతుంది."

"అవునమ్మా," అన్నాడాయన. "అదే భయం."

నిరుపమ తాళం తిప్పబోయి వదిలేసింది. స్టీరింగ్ మీద తల పెట్టి, చిన్నపిల్లలా, "అమ్మా, అమ్మా," అంటూ ఏడ్చింది. నిన్న ఆంటీ అన్న దగ్గర్నుంచీ ఆ పిలుపు లోపలే ఉండిపోయింది. శ్రీనివాసమూర్తి శాలువా మడత విప్పి కూతురి వీపు మీద కప్పాడు.