ఆమె వెంట వచ్చినవాళ్ళు

"టికెట్లు రద్దు చెయ్యడంలేదట నానాయ్. ముందు అనుకున్న రోజునే, అదే విమానంలో వస్తాడట బావ. పాపని తీసుకుని..."

ఫోను దించి చిన్నకూతురు నెనెత్ చెప్పిన ఆ మాట తల్లి తెయొడోరా చెవిన పడింది గానీ మనసుకి ఎక్కలేదు. ఆమె మగ్గం ముందు కూర్చుని ఉంది. చేతులు మాత్రం ఒళ్ళో ఉన్నాయి. ఆస్ట్రేలియాలో పెద్దకూతురు మారివిక్ పోయిందన్న కబురు వచ్చి అప్పటికి నాలుగు రోజులు. తను పనిచేసే ముసలివాళ్ళ ఆశ్రమంలో ఎవరికో అన్నం తినిపిస్తూ తినిపిస్తూ కుర్చీలోనే ఒరిగిపోయిందట... తలలో నరం చిట్లిందట. నలభై రెండేళ్ళ పిల్ల! మూడువారాల్లో ముగ్గురూ ఇక్కడికి, ఈ మియాగావ్ ఊరికి వచ్చి ఏడాదిపాటు ఉంటారని, ఈ తల్లి గోడలకి సున్నం వేయించి, కొత్త దోమతెర కుట్టించి, వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటే... ఆ పిల్ల వెళ్ళిపోయింది.

"మరి అది?" అంది తెయొడోరా.

నెనెత్ తల దించుకుంది. "అక్కడే దహనం చేస్తారట. అక్క అస్థికలు బావే తెస్తాడు."

"దహనమా?" అంది తెయొడోరా. "మన ఇంట్లో ఎవరికైనా అలా చేశామా? మీ నాన్నని పెట్టెలో పడుకోబెట్టాం, ముఖం చూసుకున్నాం, నుదుటి మీద ముద్దుపెట్టుకున్నాం. నా బిడ్డ ముఖం నేను చూడొద్దా నెనెత్? ఆ మనిషికి అడగాలని కూడా తోచలేదా?"

నెనెత్ తల్లిని పట్టుకుని ఏడ్చింది.

తెయొడోరాకి అల్లుడి మీద కోపం కొత్తది కాదు. కాలిన్ తన కూతురికన్నా పదహారేళ్ళు పెద్దవాడు. చక్కెర మిల్లులో మెకానిక్కు. అతన్ని చేసుకున్నాకే మారివిక్ ఆ దేశం పౌరురాలైంది. అయినా కూతుర్ని తొమ్మిదేళ్ళు ఇంటికి రానివ్వకుండా చేసింది అతను కాదని, తానేనని, ఆ తల్లికి లోపల్లోపల తెలుసు. తెలిసిన ఆ సంగతిని ఆమె ఎన్నడూ పైకి అనుకోలేదు.

తొమ్మిదేళ్ళ కిందట మారివిక్ కొత్త పాస్‌పోర్టుతో మొదటిసారి వచ్చింది. పరాయి దేశం పౌరులైనా ఇక్కడ పుట్టినవాళ్ళు కాబట్టి వీసా అక్కర్లేదని, ఏడాది ఉండొచ్చని విమానాశ్రయంలో ముద్ర వేశారు. వచ్చినవాళ్ళు కొద్దిరోజుల్లోపు పన్ను లేకుండా సామాన్లు కొనుక్కునే దుకాణం ఒకటి మనీలాలో ఉంది. ఇంకేముంది, చుట్టాలందరూ జాబితాలు పట్టుకుని దిగారు. బాబాయికి టీవీ, వదినకి మిక్సీ, పక్కింటివాళ్ళకి చాక్లెట్లు... ఉన్న తొమ్మిది రోజుల్లో నాలుగు రోజులు మనీలాలో ఆ దుకాణం క్యూలోనే అయిపోయాయి. మిగిలిన ఐదు రోజులూ ఇంటినిండా జనమే. తల్లి పక్కన పడుకుని కబుర్లు చెప్పింది లేదు, వండింది తిన్నదీ లేదు. వెళ్ళేరోజు గుమ్మంలో సంచులు సర్దుకుంటూ, "చూడు నానాయ్, ఏడాది ఇచ్చారు తెలుసా. ఇప్పుడంటే సెలవు లేదుగానీ..." అని మారివిక్ నవ్వుతూ అంటుంటే, తెయొడోరా గుండెలో దాచుకున్నదంతా ఒక్కసారి బయటికి తన్నుకొచ్చింది.

"గవర్నమెంటు నీకు ఏడాది ఇచ్చింది. నువ్వు నాకు ఐదు రోజులు ఇచ్చావు. పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని చుట్టంలా వచ్చేదానివైతే ఇక రావద్దు. వస్తే ఈ ఇంటిమనిషిగా రా."

మారివిక్ ముఖం పాలిపోయింది. వంగి, పెద్దలకి మొక్కే తీరున తల్లి చేతిని నుదుటికి ఆనించుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఫోను చేసేది. పాప పుట్టినా ఫోనులోనే చూపించింది. ఎప్పుడొస్తావని తల్లి అడగలేదు, వస్తానని కూతురు అనలేదు. అలా తొమ్మిదేళ్ళు... ఈ ఏప్రిల్లో తనంతట తనే, "వస్తున్నాం నానాయ్. ముగ్గురం. నీకొకటి చూపించాలి. ఏంటో ఇప్పుడు చెప్పను" అంది. ఆ గొంతులో చిన్నప్పటి గారాబం మళ్ళీ వినపడి, ఫోను పెట్టేశాక తెయొడోరా ఎంతసేపు ఏడ్చిందో!

అనుకున్న రోజునే వాళ్ళు వచ్చారు. ఊరికి దగ్గర్లోని ఇలోయిలో పట్నం విమానాశ్రయం తలుపు దగ్గర తెయొడోరా, నెనెత్ నిలబడ్డారు. ఎండకి కమిలిన ముఖంతో, గడ్డం గీసుకోకుండా, కాలిన్ బయటికి వచ్చాడు. ఒక బడిసంచి వీపున కాకుండా ముందువైపు తగిలించుకుని, రెండు చేతులూ దాని చుట్టూ వేసి ఉన్నాడు. అతని చొక్కా అంచు పట్టుకుని ఏడేళ్ళ పిల్ల, హేజెల్. అచ్చం చిన్నప్పటి మారివిక్... అదే నుదురు, అవే పెద్ద పెద్ద కళ్ళు. ఆ సంచిలో ఏముందో తెయొడోరాకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. చెయ్యి చాపబోయి, వెనక్కి తీసుకుంది.

వ్యానులో కూర్చున్నాక ఆమె అల్లుడి ముఖం చూడకుండా నెనెత్‌తో అంది. "ఎన్నాళ్ళుంటారో అడుగు."

కాలిన్‌కి ఆ భాష కొంచెం వచ్చు, భార్య నేర్పినంత. "ముప్పై రోజులు అత్తగారూ. ఏడాది నాది కాదు. ఆమెతో కలిసి వచ్చినవాళ్ళకే" అన్నాడు.

మనీలాలో కౌంటరు దగ్గర జరిగింది అతను ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఇక్కడ పుట్టినవాళ్ళు తోడు ఉంటేనే భర్తకీ బిడ్డకీ ఏడాది గడువు. ఆఫీసరు అమ్మాయి కాగితాలు చూసి, "మీ భార్య ఏరీ?" అని మామూలుగానే అడిగిందట. సంచి విప్పి, చిన్న చెక్కపెట్టె తీసి కౌంటరు మీద పెట్టాడట. ఆ అమ్మాయి లేచి నిలబడి శిలువ గుర్తు వేసుకుని, పెద్దాఫీసరుని పిలిచిందట. ఆయన టోపీ తీసి, రూలు బతికి ఉన్న మనిషి పక్కన ఉండాలంటోంది, క్షమించండి అన్నాడట.

అంతవరకూ మాట్లాడని హేజెల్ అప్పుడు అమ్మమ్మని ఆ ఊరి తీరున 'లోలా' అని పిలిచి అంది. తల్లి యాసే, తల్లి మాటే. "నేను చెప్పాను లోలా. అమ్మ వచ్చిందిగా, ఇదుగో ఇక్కడుందిగా అని చెప్పాను. వాళ్ళు వినలేదు."

తెయొడోరా మనవరాలిని ఒళ్ళోకి లాక్కుంది.

అస్థికల్ని తండ్రి సమాధి పక్కనే పెట్టారు. ప్రార్థనలకి ఊరంతా వచ్చింది. తెయొడోరా వచ్చినవాళ్ళకి వండి పెట్టింది, హేజెల్‌కి అన్నం కలిపి తినిపించింది, కాలిన్‌కి కంచం పెట్టింది. కానీ అతనితో మాట్లాడలేదు. అతను వాకిట్లో కూర్చుని విరిగిన కుర్చీలు బాగుచేసేవాడు. కారే కొళాయి బాగుచేశాడు. మగ్గానికి వదులైన పలకలు బిగించాడు. అతను అడక్కుండా చేసిన ప్రతి పనీ ఆమెకి ఇంకా కోపం తెప్పించింది. ఇంత మంచివాడివైతే నా బిడ్డని బతికించుకోలేకపోయావేం... అని.

పదకొండోరోజు పొద్దున్నే లారీ వచ్చి పెద్ద అట్టపెట్టె దింపింది. నెలలు నెలలుగా కొని పోగేసి, మారివిక్ బతికుండగా ఓడలో వేసిన పెట్టె. పంపిన మనిషి వెళ్ళిపోయాక, రెండునెలలు సముద్రం మీద నడిచి ఇప్పటికి వచ్చింది. పెట్టె మీద మారివిక్ గుండ్రటి అక్షరాలు చూసి నెనెత్ వాటి మీద అరచెయ్యి ఆనించింది.

"విప్పండి" అంది తెయొడోరా.

కస్టమ్సువాళ్ళకోసం ఏ వస్తువు ఎవరిదో రాసిన జాబితా పైనే ఉంది. నెనెత్ చదవసాగింది. "ఉన్ని శాలువా, ఒకటి, నానాయ్‌కి, వానాకాలంలో మోకాళ్ళ మీద కప్పుకోడానికి. పెద్దద్దాల కళ్ళజోడు, ఒకటి, నానాయ్‌కి, సన్న నూలుకోసం. వంటగిన్నెలు, ఆరు, వాడినవి. దిండుగలీబులు, నాలుగు, వాడినవి. ఇంట్లో తొడుక్కునే చెప్పులు, ఒక జత, నావి." ఆ మాట దగ్గర ఆమె జాబితా దించింది. చుట్టపుచూపుగా వచ్చే మనిషి పాత దిండుగలీబులూ, అరిగిన ఇంటిచెప్పులూ పంపించుకుంటుందా?

జాబితా వెనక ఇంకో కాగితం పిన్ను చేసి ఉంది. నెనెత్ అది ఒకసారి చదివింది, మళ్ళీ చదివింది.

"నానాయ్... పెట్టెకి పన్ను లేకుండా ఉండాలంటే పంపినవాళ్ళు మన దేశం మనుషులని రుజువు పెట్టాలి కదా. అక్క పెట్టింది. ఇది... అక్క మళ్ళీ మన పౌరసత్వం తీసుకుంది నానాయ్. ప్రమాణపత్రం నకలు ఇది. మార్చి నెల తేదీ ఉంది. కింద హేజెల్ పేరు కూడా."

కాలిన్ లేచి వచ్చి ఆ కాగితం అందుకున్నాడు. అతని ముఖం చూస్తే అతనికీ తెలియదని తెలుస్తూనే ఉంది.

"నాకు తెలుసు" అంది హేజెల్ మెల్లిగా. "చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. బ్రిస్బేన్ వెళ్ళాం అమ్మా నేనూ. ఇలా చెయ్యి ఎత్తి చెప్పాలి. అమ్మ వంటింట్లో రోజూ చెప్పుకునేది. అక్కడ మాత్రం సగం చెప్పి ఏడ్చేసింది. మళ్ళీ మొదటినుంచి చెప్పించారు." ఆ పిల్ల అందరి ముఖాలూ చూసి, తప్పు చేశానేమోనని తండ్రి పక్కకి జరిగింది. "ఇప్పుడు మీ లోలా ఇంట్లో మనకి ఎవరూ రోజులు లెక్కపెట్టరు అంది. ముందు లోలాకే చూపిస్తానంది. అందుకే నాన్నకి కూడా చెప్పలేదు."

తెయొడోరా ఆ కాగితాన్ని తీసుకుని ముఖానికి అదుముకుంది. ఆమె నోట్లోంచి వచ్చిన శబ్దానికి పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. తొమ్మిదేళ్ళు... తల్లి కోపంలో విసిరిన ఒక్క మాటని ఆ పిచ్చితల్లి ఆజ్ఞలా నెత్తిన పెట్టుకుంది! ఇంటిమనిషిగా రమ్మన్నావు కదా, అలాగే వస్తానని, చెప్పకుండా, ఒక్కతే, చెయ్యెత్తి ప్రమాణం చేసి...

ఆ సాయంత్రం కాలిన్ వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మాటలు వెతుక్కుంటూ అన్నాడు.

"అత్తగారూ. మారివిక్‌కి కోపం లేదు. ఎప్పుడూ లేదు. నేను అడిగాను, మీ అమ్మ అలా అంది కదా, బాధ లేదా అని. ఆమె అంది, మా అమ్మ నిజమే చెప్పింది కాలిన్ అని."

తెయొడోరా పొయ్యి ముందునుంచి కదల్లేదు. కొంగున్నవాళ్ళైతే కొంగు అడ్డం పెట్టుకుందురు, ఆమె తువ్వాలుతో ముఖం కప్పుకుంది. ఆ తువ్వాలు వెనకనుంచే, ఆ ఇంట్లో మొదటిసారి అతనితో నేరుగా మాట్లాడింది.

"పాపని నాకు వదిలెయ్యి. కాగితాల్లో పేరుందిగా, ఉండొచ్చట. నువ్వు మిల్లుకి పోతే దాన్ని ఎవరు చూస్తారు? దాని తల్లిని పెంచినట్టే పెంచుతాను. నాకింకేమీ వద్దు."

"మారివిక్ ఏమనేదో నాకు తెలీదు. పాపని అడగండి. పాప ఉంటానంటే... నేను అడ్డం రాను" అని, అతను వాకిట్లోకి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

తెయొడోరాకి ఆశ పుట్టింది. మర్నాడంతా మనవరాలిని మగ్గం ముందు కూర్చోబెట్టుకుని నూలుని అటూ ఇటూ తీసుకెళ్ళే నాడె ఎలా విసరాలో నేర్పింది. పనసకాయా కందులూ వేసి పందిమాంసం వండి, తల్లి చిన్నప్పుడు తిన్న గిన్నెలోనే పెట్టింది. బడి చూపించింది. సముద్రం చూపించింది. వారం తిరిగేసరికి హేజెల్ నవ్వడం మొదలుపెట్టింది. ఒకరోజు పొద్దున జడ వేస్తానని తెయొడోరా దువ్వెన తీస్తే ఆ పిల్ల తల వెనక్కి లాక్కుంది.

"నాన్న వేస్తాడు లోలా."

"మీ నాన్నకి జడ వెయ్యడమే రాదు. వంకరగా ఉంటుంది చూడు."

"తెలుసు. నేర్చుకుంటున్నాడు. అది వేసేటప్పుడు ఏడవడు. మిగతా అప్పుడంతా ఏడుస్తాడు, నేను చూడటంలేదనుకుంటాడు." హేజెల్ జుట్టంతా గుప్పిట పట్టుకుంది. "నేను ఇక్కడే ఉండనా లోలా? నువ్వు ఉండమంటే ఉంటాను. నువ్వు బాధపడకు. కానీ జడలు ఎవరికి వేస్తాడు?"

తెయొడోరా చేతిలో దువ్వెన ఆగిపోయింది. ఏడేళ్ళ పిల్ల... తను అడిగితే ఈ పిల్లా తల ఊపుతుంది. నోరెత్తదు. తల్లిలాగే మాటని నెత్తిన పెట్టుకుని, లోపల కుమిలిపోతూ ఏళ్ళు గడిపేస్తుంది. ఒక బిడ్డకి చేసింది చాలదా? ఆమె మనవరాలి చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకెళ్ళి, దువ్వెన కాలిన్ చేతిలో పెట్టింది.

"గట్టిగా లాగకు. పాయలు మూడూ సమంగా తియ్యి. ఇటు చూడు, నేను చూపిస్తాను" అంది.

అతను తలెత్తి ఆమె ముఖం చూశాడు. అర్థమైంది. ఆ పెద్దమనిషి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. అతని చేతుల్ని పట్టుకుని ఆమె పాయ మీద పాయ వేయించింది.

కావాలంటే గడువు పొడిగించుకోవచ్చని నెనెత్ చెప్పింది. కాలిన్ తల అడ్డంగా ఊపాడు. "మారివిక్ లేకుండా ఆమె ఊళ్ళో ఇంకా ఉండలేను. పాపకి బడి. కానీ వస్తాం" అన్నాడు. ఇరవై తొమ్మిదోరోజున బయల్దేరారు. విమానాశ్రయంలో తెయొడోరా మనవరాలిని గుండెకి హత్తుకుని, ముద్దులు పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ ముద్దులు పెట్టింది. కాలిన్ ఆమె చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకున్నాడు.

"పాప పెద్దదై తనదారి తను చూసుకున్నాక కూడా రా నాయనా" అంది ఆమె. "ఒక్కడివైనా రా. వాళ్ళు ఎన్నిరోజులు ముద్ర వేస్తే అన్నిరోజులే ఉండు. నేనేం అడగను."

వాళ్ళు లోపలికి వెళ్ళిపోయారు. తిరుగుదారిలో మియాగావ్ చేరగానే ఆమె ఇంటికి వెళ్ళనంది. శ్మశానం గేటు దగ్గర వ్యాను ఆపించి దిగింది. మిట్టమధ్యాహ్నపు ఎండ మండిపోతోంది. కొత్తగా గచ్చు చేసిన చోట మోకాళ్ళ మీద కూర్చుని, అరచేతులతో ఆ రాతి మీది దుమ్ము తుడిచి, మెల్లగా, పక్కన పడుకున్న బిడ్డకి చెప్పినట్టు చెప్పసాగింది. పాప ఏం తిన్నదో, మగ్గం మీద ఎన్ని పోగులు తెంపిందో, కాలిన్ కొళాయి ఎలా బాగుచేశాడో, అన్నీ. చెప్పడానికి చాలా ఉంది. వెనకాల నెనెత్ గొడుగు పట్టుకుని నిలబడింది. తొందరపెట్టలేదు.