బుధు ఎత్తే తలుపు

అనంతగిరి ఘాట్ మీద, కాఫీ తోటల మధ్య గణపతిరావు కట్టిన ఇంటి వైపు చీకటి పడ్డాక ఎవరూ వెళ్లరు. ఇంటితో పేచీ లేదు. పేచీ అంతా పక్కనున్న కారు షెడ్డుతోనే. దానికి కరెంటు తలుపు. మీట నొక్కితే దానంతటదే దిగుతుంది. దిగి, దిగి... సగం దాటాక టక్కున ఆగి, మళ్లీ పైకి లేస్తుంది. ఎవరూ ముట్టుకోకుండానే!

“బుధు ఎత్తేత్తన్నాడు” అంటారు కింద గూడెం వాళ్లు.

బుధు అంతకుముందు అక్కడ కాపలావాడు. బయట కారులోంచి గణపతిరావు హారన్ మోగిస్తుంటే, దిగుతున్న తలుపు కింద నుంచి దూరి పరిగెత్తబోయాడు. తలుపు ఆగలేదు. అతను మళ్లీ లేవలేదు. మనిషి అడ్డం వస్తే తలుపును వెనక్కి పంపే సెన్సర్లు పెట్టించుకోమని తలుపు బిగించినవాళ్లు ముందే చెప్పారట. గణపతిరావు దండగ అన్నాడట. మనిషి పోయాక పెట్టించాడు. అదీ ఆ మహానుభావుడి ధర్మబుద్ధి.

తర్వాత ఆ పనిలోకి వచ్చినవాడు స్తెఫను. కురుపాం వైపు మనిషి. నెలలు నిండిన భార్య తెరిసమ్మతో ఆ ఇంటి వెనక గదిలో కాపురం. దెయ్యాల మాటెత్తితే పగలబడి నవ్వేవాడు. ఆ నవ్వు, తలుపు మొదటిసారి లేచిన సాయంత్రం దాకానే.

డిసెంబరు మంచు. పెందలాడే చీకటి పడింది. స్తెఫను షెడ్డు లోపల, వెనక గోడ దగ్గర నిలబడి మీట నొక్కాడు. కళ్లు మూసుకుని రోజూ చేసే సాయంత్రం ప్రార్థన అందుకున్నాడు. తలుపు కిర్రుమంటూ దిగుతోంది... దిగుతోంది...

ఆగింది.

మళ్లీ కిర్రు — ఈసారి పైకి!

కళ్లు తెరిచేసరికి ఎదురుగా బార్లా తెరుచుకున్న గుమ్మం. అవతల తెల్లటి మంచు. పురుగు కూడా లేదు. స్తెఫను పక్కనున్న చిన్న తలుపులోంచి ఒక్క పరుగున గదిలో పడ్డాడు. పొద్దున పట్నం నుంచి గణపతిరావు వచ్చి చూస్తే షెడ్డులో ఉంచిన కారు బానెట్ మీద ఊరకుక్కలు వెచ్చగా నిద్రపోతున్నాయి.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

స్తెఫను మెకానిక్‌కి ఫోన్ చేశాడు. “తలుపు సగంలో ఆపి టేపు పెట్టి కొలువు. నేల నుంచి ఎడమ పక్క ఎంతుందో కుడి పక్కా అంతే ఉండాలి. తేడా ఉంటే తీగో, స్ప్రింగో పాడైనట్టు. వాటి జోలికి మాత్రం నువ్వు పోకు, చెయ్యి విరుగుతుంది” అన్నాడతను.

స్తెఫను కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు. గుమ్మానికి రెండు వైపులా, నేలకి జానెడు ఎత్తున ఉన్న సెన్సర్ల అద్దాలు తుడిచాడు. అవీ ఎదురెదురుగా సరిగ్గానే ఉన్నాయి. తలుపులో ఏ లోపమూ లేదు. ఇక మిగిలింది ఒక్కటే... బుధు.

ఆ రోజే గణపతిరావు ఫోన్. “రేపొద్దున వస్తున్నా. తలుపు తెరిచి కనపడిందో, నీ సామాను రోడ్డు మీద ఉంటుంది.”

“ఈ సలిలో, ఈ కడుపుతో ఎక్కడికెల్తామండీ?” అంది తెరిసమ్మ.

స్తెఫనుకి భయం పోయి కసి పుట్టింది. అరకులో ఒక డ్రైవరు చెప్పిన చిట్కా గుర్తొచ్చింది. సెన్సర్లు రెండూ ఊడదీసి, పైన అటక మీద ఒకదానికొకటి ఎదురుగా పెట్టి కట్టేశాడు. వాటి మధ్యకి ఇక ఏదీ రాదు. కింద ఏం అడ్డం వచ్చినా తలుపుకి తెలియదు. ‘దెయ్యమో, వాడి బాబో... నలిగి చావనీ!’ అనుకున్నాడు.

సాయంత్రం మంచు మరీ దట్టంగా దిగింది. మీట నొక్కాడు. అలవాటు కొద్దీ కళ్లు మూశాడు.

కిర్రు... కిర్రు...

సగం దాటింది. ఆగలేదు. స్తెఫను పెదాల మీద నవ్వు మొలిచింది. ఇంకా దిగింది... ఇంకా...

ఫట్!

ఎముక విరిగిన చప్పుడు.

“తెరిసా!” అని కేక పెట్టాడు.

“ఏటండీ?” వెనక గదిలోంచి భార్య గొంతు.

మరి... ఇదెవరు?

చూస్తే తలుపు నేలకి ఆనలేదు. కింది సందులోంచి గోధుమరంగు పెంకు ముక్క ఒకటి లోపలికి దొర్లి వచ్చింది. గుండ్రంగా, బోలుగా... పుర్రె ముక్కలా. మళ్లీ మీట నొక్కాడు. తలుపు లేచింది. ముందు రెండు పాదాలు కనపడ్డాయి, చెప్పుల్లేకుండా. తర్వాత ముడుచుకుని కూర్చున్న మోకాళ్లు. తర్వాత నెరిసిన తల.

కింద గూడెంలో ఉండే బుధు తల్లి యర్రమ్మ! ఆమె ముందు చితికిపోయిన ఎండు ఆనపబుర్ర. పొలానికి అంబలి పోసి పట్టుకెళ్లే సొరకాయ బుర్ర అది.

“నువ్వా... రోజూ నువ్వేనా?”

“నానే.” ఆ గొంతులో భయం లేదు, బెరుకూ లేదు. “ఆ అద్దాలు బిగించిన గుంటడు ఆ రోజు అందరికీ సెప్పినాడు. అప్పుడప్పుడు ఏదోటి అడ్డం పెట్టి సూడండి, తలుపు ఎనక్కెల్లిపోవాల అని. మీరెవులూ సూడ్డం నేదు. నాను సూత్తన్నాను. గోడ పక్కన కూకుని ఈ బుర్ర పెడతన్నాను, తలుపు లెగ్గానే తీసుకెల్లిపోతన్నాను.”

స్తెఫను తల సిగ్గుతో వాలిపోయింది. ఆమె పెంకులన్నీ ఒడిలోకి ఏరుకుంది. ఒక ముక్క చేతిలో తిప్పి చూసింది. తర్వాత అతని మొహంలోకి చూసింది.

“రోజూ ఆగేది బాబూ,” అంది మెల్లగా. “ఇయ్యాలేటి... ఆగనేదు?”